ఎల్లాజీ గారి నోషనల్ ఆపరేషన్

రేవుపురం బస్టాండులో ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్ మీదికి వస్తుందో ఇరవై రెండేళ్ళుగా జనానికి చెబుతున్న గొంతు మేరుగు ఎల్లాజీది. మనిషి బక్కపలచన, పొట్టి. గొంతు వినడమే తప్ప మనిషిని చూడనివాళ్ళు ఆరడుగుల బుర్రమీసాల ఆసామిని ఊహించుకునేవారు. చూసినవాళ్ళు ఇతనేనా అని కాస్త నిరాశపడేవారు. ఎల్లాజీకి రెండూ సంతోషమే.

ఆ గొంతు మాఘమాసంలో బొంగురుపోయింది. మిరియాల పాలు తాగాడు, తులసి కషాయం తాగాడు, మూడు నెలలు గడిచాయి. చివరికి ఒకరోజు అతను కోటిపల్లి అన్నది జనానికి కొత్తపల్లి అని వినపడి, పెళ్ళికి బయల్దేరిన పదిహేనుమంది సారె బుట్టలతో సహా వేరే ఊళ్ళో దిగారు. డిపో మేనేజరు పిలిచి, ముందు గొంతు చూపించుకుని ఆ తర్వాతే మైకు ముట్టుకోమన్నాడు.

పెద్దాసుపత్రిలో గొంతు జబ్బులు చూసే డాక్టరు హేమనళిని. ఆవిడ అతని ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి "ఈ" అనమంది. ఊపిరి పీల్చి మళ్ళీ అనమంది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. పది రోజుల తర్వాత భార్య నూకరత్నాన్ని కూడా ఎదురుగా కూర్చోబెట్టి, వచ్చినది క్యాన్సరేనని నెమ్మదిగా చెప్పింది. నూకరత్నం బల్ల అంచు పట్టుకుంది.

"కంగారుపడకండమ్మా" అంది హేమనళిని. "రెండు స్వరతంతువుల్లో ఒకదాని మీదే ఉంది. అది ఇంకా చక్కగా కదులుతోంది, అంటే జబ్బు లోతుకి పోలేదు. ఇది మొదటి దశ. ఆరువారాలు కరెంటు, అంటే రేడియేషన్, పెడితే పోతుంది. గొంతూ మిగులుతుంది."

నూకరత్నం ఊపిరి పీల్చుకునేలోగా ఆవిడే మళ్ళీ, కాకపోతే మొదటి దశ అని రికార్డులో రాసే అధికారం తనకు లేదంది. ఆ అధికారం కంఠశ్రీది.

కంఠశ్రీ మనిషి కాదు. స్కాను బొమ్మలు చూసి గొంతు క్యాన్సరు ఏ దశలో ఉందో చెప్పే కృత్రిమ మేధ. రెండు నెలల క్రితం మేళతాళాలతో వచ్చింది. దాని వెనకాలే రాజధాని నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. "దశానిర్ధారణమందు మానవ తప్పిదములను నివారించు నిమిత్తము ఇకపై దశను కంఠశ్రీ నిర్ధారించును. సదరు దశను రోగికి అన్వయింపజేయుట వైద్యుల బాధ్యత." ఈ రెండో వాక్యానికి అర్థమేమిటని అడిగిన డాక్టర్లకు, చదవగా చదవగా తెలుస్తుందని జవాబు వచ్చింది.

స్కాను గదిలో కంప్యూటరుకు బంతిపూల దండ, నుదుటి చోట కుంకుమబొట్టు ఉన్నాయి. టెక్నీషియన్ ఎల్లాజీని పడుకోబెట్టి, పది సెకన్లు కదలొద్దు, గుటక వేయొద్దు అన్నాడు. ఆ మాట చెప్పేదాకా ఎల్లాజీకి గుటక వేయాలన్న ఊహే లేదు. చెప్పాక నోట్లో గోదావరి పొంగింది. ఐదు సెకన్లు ఓర్చుకున్నాడు. ఆరో సెకనులో మింగేశాడు. లేచి, మింగేశానండి అని నిజాయితీగా ఒప్పుకున్నాడు కూడా. లోపలున్నది చాలా తెలివైనదని, అదే సర్దుకుంటుందని టెక్నీషియన్ ధైర్యం చెప్పాడు.

అది సర్దుకుంది. నాలుగు నిమిషాల్లో రంగుల కాగితం బయటికొచ్చింది. మింగేటప్పుడు పైకి లేచి కిందికి దిగిన గొంతు బొమ్మలో పెద్ద మరకలా పడితే, కంఠశ్రీ ఆ మరకంతా ఎర్రరంగు పూసింది. కింద, నాలుగో దశ అని రాసింది. నమ్మకం తొంభై ఏడు పాయింట్ మూడు శాతం. చికిత్స, స్వరపేటిక పూర్తిగా తొలగింపు. తేదీ, వచ్చే గురువారం, ఉదయం తొమ్మిది.

తొలగించడమంటే ఏమిటని నూకరత్నం అడిగింది. మెడకు ముందు చిన్న రంధ్రం పెడతారని, ఊపిరి అందులోంచి తీసుకోవాలని, మామూలు మాట ఇక ఉండదని హేమనళిని చెప్పింది. అవసరమైనవాళ్ళకు అది ప్రాణం పోసే ఆపరేషనని, ఎల్లాజీకి అవసరం లేదని కూడా చెప్పింది. ఎల్లాజీ, వాడితే అయిపోతుందేమోనన్నట్టు, ఉన్న కాస్త గొంతూ దాచుకున్నాడు.

హేమనళిని ఇద్దరినీ వెంటబెట్టుకుని సూపరింటెండెంటు భుజంగరావు గారి గదికి వెళ్ళింది. రోహిణీ కార్తె ఎండలో ఆయన మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నాడు.

కంఠశ్రీకీ డాక్టర్లకీ మధ్య ఏకీభావంలో తమ ఆసుపత్రి రాష్ట్రానికే మొదటి స్థానంలో ఉందని ఆయన గుర్తుచేశాడు. నూటికి నూరు శాతం. అది ఎలా సాధ్యమైందో హేమనళినికి తెలుసు. యంత్రం చెప్పింది చూశాకే డాక్టర్లు తమ అభిప్రాయం రాయాలి. వేరేగా రాసినవాళ్ళు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. మొదటి నెలలో ముగ్గురు వేరేగా రాశారు. రెండో నెల నుంచి ఎవరికీ వేరే అభిప్రాయం కలగలేదు.

పోనీ మళ్ళీ ఒకసారి స్కాను తీయనివ్వండని ఆవిడ అడిగింది.

"రెండోసారి వేరే దశ వస్తే మొదటిది తప్పని మనమే ఒప్పుకున్నట్టు. అదే దశ వస్తే రెండోది వృథా" అన్నాడు భుజంగరావు. "ఎటు తిరిగినా ఆడిట్ అభ్యంతరమే కదమ్మా."

అయితే దశలు నమోదయ్యే పోర్టల్లో నాలుగును ఒకటిగా దిద్దుదామంది. పెంచే బాణం ఉంది గాని దించే బాణం లేదని ఆయన చూపించాడు. రోగం ముదరడం సహజం కాబట్టి పోర్టల్ ఒప్పుకుంటుంది. రోగం వెనక్కి నడవడం శాస్త్రవిరుద్ధం కాబట్టి ఒప్పుకోదు.

అంతసేపూ ఊరుకున్న ఎల్లాజీ బొంగురుగొంతుతో, తను గుటక వేసిన మాట నిజమేనని, దానికి గొంతే తీసేయడం న్యాయం కాదేమోనని విన్నవించుకున్నాడు.

భుజంగరావు మఫ్లరు సవరించుకున్నాడు. "నన్ను చూడవయ్యా. ప్రారంభోత్సవం నాడు ప్రదర్శన కోసం ముందుగా నేనే పడుకున్నాను. నాకు రెండో దశ ఇచ్చింది. జబ్బు లేదు అని చెప్పే వీలు దాంట్లో పెట్టలేదు, జబ్బున్నవాళ్ళే వస్తారు గదా అని. నేనేమైనా గొడవ చేశానా? ప్రతి సోమవారం ఓపీలో చీటీ రాయించుకుని, లైనులో నుంచుని చూపించుకుంటున్నాను."

హేమనళిని మొహం తిప్పుకుంది. ప్రతి సోమవారం ఆయన్ని చూసి, ఏమీ లేదని చెప్పి, రెండో దశ నిలకడగా ఉందని రాసేది ఆవిడే.

వ్యవహారం బుధవారం ఫిర్యాదుల కమిటీ ముందుకు వెళ్ళింది. రేపు ఆపరేషన్. అధ్యక్షుడు భుజంగరావు, పక్కన ఆపరేషన్ చేయాల్సిన సర్జను, ఇంకో పక్కన ఆసుపత్రి కాగితాలన్నీ చూసే అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు అవధాని. ఎల్లాజీని గోడవారగా నిలబెట్టారు. హేమనళిని కెమెరా గొట్టంతో తీసిన వీడియో చూపించింది. అందులో తంతువు తలుపు రెక్కలా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. నాలుగో దశలో అలా కదలదని సర్జను తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. రేపు కత్తి పట్టుకోవాల్సింది ఆయనే. వీడియో పోర్టల్లో ఎక్కదు కాబట్టి దాన్ని చూసినట్టు కమిటీ చూడలేదని భుజంగరావు నమోదు చేయించాడు.

అప్పుడు అవధాని గొంతు సవరించుకున్నాడు. ఇంకో ఏడాదిలో రిటైరయ్యే మనిషి. ఆయనకు ఆరేళ్ళ క్రితం రావలసిన ప్రమోషను రెండేళ్ళ క్రితం వచ్చింది. మధ్య నాలుగేళ్ళకూ నోషనల్ అన్నారు. అంటే ఆ నాలుగేళ్ళూ ఆయన పెద్ద సీట్లో కూర్చున్నట్టే, కూర్చోలేదు. ఆ సీటు తాలూకు ఫలితం తర్వాత లెక్కలోకి వస్తుంది, సీటు మాత్రం రాదు.

"ఆపరేషన్ కూడా నోషనల్‌గా చేయొచ్చు కదండీ" అన్నాడు అవధాని. "కాగితం మీద రేపు తొమ్మిదింటికి జరుగుద్ది. ఒంటి మీద జరగదు. యంత్రం మాట పోదు, ఈయన గొంతూ పోదు. ఆపరేషనయ్యాక కరెంటు పెట్టాలని ఎలాగూ రూల్లో ఉంది. డాక్టరమ్మగారు అడిగేది ఆ కరెంటే గదండీ."

సర్జను మొహంలోకి రక్తం వచ్చింది. భుజంగరావు కళ్ళు మూసుకుని, ఈ పద్ధతికి పూర్వోదాహరణ ఉందా అని అడిగాడు. తన సర్వీసు రిజిస్టరే ఉందన్నాడు అవధాని.

హేమనళిని మాత్రం జరగని ఆపరేషన్ మీద తను సంతకం పెట్టనంది. తన చేత్తో కేసుషీటులో, నేను చూసినది మొదటి దశ, తంతువు కదులుతోంది, స్వరపేటిక తీయలేదు అని రాసి తేదీ వేసింది. కాగితానికి పోర్టల్‌తో సంబంధం లేదు గనక రాసుకోవచ్చన్నారు. మిగతా ముగ్గురూ తీర్మానం మీద సంతకాలు చేశారు.

గురువారం తొమ్మిదింటికి థియేటరు తలుపులు మూసి పైన ఎర్రదీపం వేశారు. సర్జను లోపల నాలుగు గంటలు కూర్చుని రెండుసార్లు టీ తాగాడు. ఎల్లాజీ బయట బెంచీ మీద కూర్చుని తన ఆపరేషన్ ఎప్పుడవుతుందా అని ఎదురుచూశాడు. పరగడుపున ఉండాలని రాసి ఉందని అతనికి ఇడ్లీ పెట్టనివ్వలేదు. ఒంటిగంటకు నర్సు వచ్చి, ఆపరేషన్ సక్సెసని, కళ్ళు తెరిచాక నీళ్ళు పట్టొచ్చని నూకరత్నానికి చెప్పింది. ఎల్లాజీ కళ్ళు తెరిచే ఉన్నాడు. నూకరత్నం మూసి తెరవమంది, అనవసరంగా ఇంకో రూలు ఎందుకని.

పది రోజులు వార్డులో మాట్లాడకూడదన్నారు. తనిఖీకి ఎవరైనా వస్తే బాగోదని. ఎల్లాజీ పలక పట్టుకుని మాట్లాడాడు. పదకొండో రోజున కరెంటు పెట్టడం మొదలైంది. కరెంటు విభాగం డాక్టరు, హేమనళిని చూపిన చోటు తనూ కెమెరాతో చూసుకుని, అక్కడికే గీతలు గీశాడు. పోర్టల్ ఎన్ని రోజులు అని అడిగింది గాని ఎక్కడ అని అడగలేదు.

ఆ ఆరువారాలూ రోజూ పక్క కుర్చీలో తాతీలు అనే, లాంచీ నడిపే సరంగు కూర్చునేవాడు. అతని మెడకు నిజంగానే రంధ్రం ఉంది, దాని మీద పలచటి గుడ్డ ఉంది. ఎల్లాజీ దాన్ని చూడకుండా ఉండాలని చూసి, చూసేవాడు. మూడో రోజున తాతీలే పలక మీద రాసి చూపించాడు. యంత్రం వచ్చిన కొత్తలో నాకు ఒకటి ఇచ్చింది, డాక్టరమ్మ కెమెరాతో చూసి నాలుగుకు పెంచింది, లేకపోతే ఈపాటికి లేను అని. ఎల్లాజీ తన కథ చెబుదామనుకుని నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నాడు. ఆపరేషన్ అంటే ఏమిటో ఆ మనిషి ముందు మాట్లాడే అర్హత తనకు లేదనిపించింది.

ఆశ్వయుజం వచ్చేసరికి ఎల్లాజీ గొంతు తిరిగొచ్చింది. మొదట గరగరలాడింది, తర్వాత తేటపడింది. కెమెరాలో తంతువు శుభ్రంగా ఉందని హేమనళిని చెప్పిన రోజున నూకరత్నం అక్కడే కూర్చుని ఏడ్చింది. మర్నాడు ఎల్లాజీ ఉతికిన చొక్కా వేసుకుని డిపోకు వెళ్ళాడు.

అతనికన్నా ముందే పోర్టల్ ఉత్తరం వెళ్ళింది. సదరు ఉద్యోగికి స్వరపేటిక తొలగించబడినందున మైకు విధులకు శాశ్వతంగా అనర్హుడు అని. మేనేజరు ఉత్తరం చదువుతుంటే, తను మాట్లాడుతూనే ఉన్నాను కదండీ అన్నాడు ఎల్లాజీ. వినపడుతోందని మేనేజరు ఒప్పుకున్నాడు. కానీ వినపడటం రుజువు కాదు, ఉత్తరం రుజువు. జాలిపడి, సామాన్లు భద్రపరిచే గదిలో పని ఇచ్చాడు. ఎల్లాజీ అక్కడ కూర్చుని ఎవరిదో కొత్త గొంతు అమలాపురాన్ని అనకాపల్లిలా పలుకుతుంటే పళ్ళు కొరుక్కునేవాడు.

ఇంతలో రాజధానిలో ఎవరో లెక్కలు చూశారు. స్వరపేటిక తీసేసిన రోగుల్లో ఒకడికి ఒక చుక్క రక్తం పోలేదు, జ్వరం రాలేదు, పైగా సహజమైన మాట వచ్చింది. ప్రపంచంలో ఎక్కడా జరగనిది రేవుపురంలో జరిగింది. కంఠశ్రీని తెచ్చిన కమిషనరు స్వయంగా అభినందన సభకు బయల్దేరాడు.

ఆసుపత్రి హాల్లో జరిగిన ఆ సభలో ఎల్లాజీకి శాలువా కప్పి మైకు ఇచ్చారు. ఆరు నెలల తర్వాత చేతికొచ్చిన మైకు. నిజమే చెప్పాలని ముందే అనుకుని వచ్చాడు. తనకు ఆపరేషన్ జరగలేదని, స్వరపేటిక ఉన్నచోటే ఉందని, స్కానులో గుటక వేయడమే తను చేసిన నేరమని, తనని బాగుచేసింది డాక్టరమ్మగారి కళ్ళూ కరెంటూ అని బస్టాండు మొత్తానికీ వినపడేలా ఒక్కో మాటా విడదీసి చెప్పాడు. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఎంత స్పష్టంగా ఉందో అని ముందు వరస వాళ్ళు ఒకరితో ఒకరు అనుకున్నారు. ఏం చెప్పాడో ఎవరికీ పట్టలేదు. భుజంగరావు మఫ్లరుతో కళ్ళొత్తుకున్నాడు.

కమిషనరు లేచి, ఇంత సత్ఫలితాలిచ్చిన రేవుపురం పద్ధతిని, కమిటీ తీర్మానంలో ఉన్నది ఉన్నట్టుగా, వచ్చే నెల మొదటి తారీఖు నుంచి రాష్ట్రమంతటా నాలుగో దశ రోగులందరికీ వర్తింపజేస్తున్నామని ప్రకటించాడు.

హేమనళిని మొహం పాలిపోయింది. ఎల్లాజీ మూడో వరసలో పలక ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తాతీలును చూశాడు. ఈ ఆర్డరు ఆరు నెలల ముందు వచ్చుంటే అతనికి కాగితం మీద ఆపరేషన్ జరిగేది, చావు మాత్రం నిజంగా జరిగేది. ఎల్లాజీ మైకు ఇంకా వదల్లేదు.

"అయ్యా, ఒక్క మనవండి" అన్నాడు వినయంగా. "తమరు కూడా కంఠశ్రీ కింద ఒక్క నిమిషం పడుకుంటే ఫొటో పేపర్లో పడుద్దండి. జనానికి నమ్మకం కలుగుద్దండి."

ఫొటోగ్రాఫర్లు అప్పటికే స్కాను గదివైపు కదిలారు. కాదనే సందు లేక కమిషనరు వెళ్ళి పడుకున్నాడు. గుటక వేయొద్దంటే వేయలేదు. నాలుగో సెకనులో జేబులో ఫోను మోగితే మాత్రం తీసి, మీటింగులో ఉన్నానని చెప్పాడు.

కంఠశ్రీ మూడో దశ ఇచ్చింది. నమ్మకం తొంభై ఎనిమిది పాయింట్ ఒకటి.

నా కన్నా ఒక దశ పైనే, హోదాకు తగ్గట్టు, అని భుజంగరావు ఎంతో గౌరవంగా అన్నాడు. పోర్టల్ తనంతట తానే చికిత్స మొదలుపెట్టే తేదీ వేసేసింది. దీన్ని వెంటనే దించమన్నాడు కమిషనరు. దించే బాణం లేదని మనవి చేస్తూ భుజంగరావు సర్క్యులర్ చదివి వినిపించాడు. కింద సంతకం కమిషనరుదే. దశ నాలుగుకు పెంచితే నోషనల్ ఆపరేషన్ వీలవుతుందని అవధాని సలహా ఇచ్చాడు. ఆ తర్వాత ప్రభుత్వానికి ఉత్తరం వెళుతుందని, నోటితో చేసే విధులకు అనర్హుడవుతారని, తనకిప్పుడు సామాన్ల గదిలో పనిచ్చారని ఎల్లాజీ ఉన్నమాట చెప్పాడు.

నోటితో చేసేవి కాక తనకు వేరే విధులేమైనా ఉన్నాయా అని కమిషనరు కొంతసేపు ఆలోచించాడు. ఆలోచించాక హేమనళిని వైపు తిరిగి, కాస్త చూడమ్మా అన్నాడు.

ఆవిడ ముక్కులోంచి గొట్టం దింపి "ఈ" అనమంది. ఆయన అన్నాడు. మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాడు.

"ఏమీ లేదు సార్. ఎక్కువ మాట్లాడటం వల్ల కొంచెం ఒరిసింది, అంతే."

"అదే రాయండి."

"నాకు రాసే అధికారం లేదు సార్. ఆర్డరు కావాలి."

నాలుగు గంటలకల్లా పోర్టల్లో దించే బాణం వచ్చింది. ఐదింటికి కొత్త సర్క్యులర్ వచ్చింది. డాక్టరు ముందుగా కళ్ళతో చూసి రాయవలెననీ, యంత్రం ఆ తర్వాత చెప్పవలెననీ, ఇద్దరికీ పొంతన కుదరనిచో మళ్ళీ స్కాను తీయవలెననీ అందులో ఉంది. రేవుపురం పద్ధతి రద్దయింది. ఆ ఒక్క పేరా హేమనళిని నాలుగుసార్లు చదువుకుంది. ఆ తర్వాత నెలలో కంఠశ్రీ, ఆవిడ కంటికి ఆననంత చిన్న గడ్డను ఒక ముసలమ్మ మెడలో పట్టి ఇచ్చింది. అడిగిన పని చేయనిస్తే అది మంచిదేనని ఆవిడ ఒప్పుకుంది. భుజంగరావు తన రెండును ఒకటికి దించుకున్నాడు. సున్నా ఇంకా పెట్టలేదు గనక సోమవారాలు మానలేదు.

ఎల్లాజీ దశ కూడా ఒకటికి దిగింది. స్వరపేటిక సంగతే తేలలేదు. తీసినట్టు రాయడానికే గాని, తీయలేదని రాయడానికి వీలు లేదు. తిరిగి అమర్చినట్టు నోషనల్‌గా ఇంకో ఆపరేషన్ చేద్దామని అవధాని ఫైలు కదిపాడు. దాత పేరు అడిగారు. నాదేనండి అన్నాడు ఎల్లాజీ. బతికున్న దాత అయితే, ఇచ్చేశాక దాతకు గొంతు లేదని సర్టిఫికెట్ జతపరచమన్నారు. అక్కడితో ఎల్లాజీ దండం పెట్టి వచ్చేశాడు.

దారి చూపింది డిపో మేనేజరే. కొత్త గొంతు దెబ్బకు వారంలో మూడుసార్లు జనం తప్పుడు బస్సులు ఎక్కాక, ఆయన ఎల్లాజీని పిలిచి మైకు గది తాళం చేతిలో పెట్టాడు. రిజిస్టరులో మాత్రం ప్రకటనలు రికార్డింగు ద్వారా ఇవ్వబడుచున్నవి అని రాసుకున్నాడు.

ఆ ఉదయం బస్టాండు కిటకిటలాడుతోంది. కోటిపల్లి వెళ్ళు బస్సు మూడవ నంబరు ప్లాట్‌ఫారమ్ నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నదని గొంతు మోగింది. విచారణ కిటికీ దగ్గర మూట నెత్తిన పెట్టుకున్న ఒకావిడ ఆగి, మేనేజరును చూసి, ఎన్నాళ్ళకు విన్నానండీ ఈ గొంతు, ఎవరండీ అని అడిగింది.

"రికార్డింగమ్మా" అన్నాడు మేనేజరు, రిజిస్టరులోంచి తలెత్తకుండా.

మైకు గది పక్కనే. ఎల్లాజీ సగం వాక్యంలో ఆగాడు. బస్టాండు కూడా ఆగినట్టయింది.

"రికార్డింగు కాదండమ్మా, నేనేనండి" అంది గొంతు పైనున్న స్పీకర్లన్నిటిలోంచీ. "బస్సు కదులుతోంది, మూట జాగర్తండి."